శ్రావణ శనగలకు పొయ్యి అక్కర్లేదా? పచ్చి సలాడ్ వెనుక సైన్స్

శ్రావణమాసం వచ్చిందంటే తెలుగు ఇళ్లలో శనగలకు కొదవ ఉండదు. మంగళగౌరి నోము పట్టిన కొత్త కోడళ్లు, వరలక్ష్మీ వ్రతం చేసుకున్న ఇల్లాళ్లు పేరంటానికి వచ్చిన ముత్తయిదువులకు తాంబూలంతో పాటు నానబెట్టిన శనగలు వాయనంగా ఇస్తారు. సాయంత్రం నాలుగైదు ఇళ్లు తిరిగి వచ్చేసరికి సంచి నిండుతుంది. అలసిపోయి వచ్చినవారు ఆ మూటను వంటింటి గట్టు మీద పెట్టి పడుకుంటారు. తెల్లారి విప్పి చూస్తే కొన్ని గింజలు జిగురుగా, పులిసిన వాసనతో ఉంటాయి.

మిగిలినవాటిని ఉడికించి గుగ్గిళ్లు చేయడం అందరికీ తెలిసిందే. పొయ్యి వెలిగించకుండా దోసకాయ, టమాటా, క్యారెట్ ముక్కలు కలిపి, నిమ్మకాయ పిండి సలాడ్‌గా తినడం ఇప్పుడు చాలా ఇళ్లలో, హాస్టల్ గదుల్లో అలవాటైంది. పది నిమిషాల పని, పోషకాలు బోలెడు. కానీ వేడి తగలని ఈ వంటకం మంచిదా కాదా అన్నది గింజ ఏది, ఎంతసేపు నానింది, ఎక్కడ ఉంచారు, ఎవరు తింటున్నారు అన్న నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

వడపప్పుకు అరగంట, శనగలకు రాత్రంతా ఎందుకు?

పచ్చిగా తినే పప్పు మనకు కొత్త కాదు. శ్రీరామనవమి వడపప్పు, కన్నడిగుల కోసంబరి రెండూ నానబెట్టిన పెసరపప్పుతో చేసేవే. పెసరపప్పు అరగంట, నలభై నిమిషాల్లో పంటికి మెత్తగా తగులుతుంది. శనగలు మాత్రం ఎనిమిది గంటలైనా తీసుకుంటాయి.

ఎండిన గింజ నీటిని పీల్చుకుని ఉబ్బడాన్ని వృక్షశాస్త్రంలో నిపానం అంటారు. గింజలోని ప్రొటీన్లు, పిండిపదార్థం నీటి అణువులను తమవైపు లాక్కుంటాయి. నీరు లోపలికి విసరణ పద్ధతిలో చేరుతుంది. విసరణకు ఒక లక్షణం ఉంది. వెళ్లాల్సిన దూరం రెట్టింపైతే పట్టే సమయం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పెసరబద్ద మందం సుమారు 2 మిల్లీమీటర్లు. రెండు వైపుల నుంచీ నీరు వస్తుంది కాబట్టి అది వెళ్లాల్సిన దూరం 1 మిల్లీమీటరే. శనగ గింజలో ఉపరితలం నుంచి మధ్యకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే సమయం 9 నుంచి 16 రెట్లు పెరగాలి. నలభై నిమిషాలను ఆ లెక్కన హెచ్చిస్తే 6 నుంచి 10 గంటలకు పైగా వస్తుంది. అమ్మమ్మలు చెప్పే 'రాత్రి పోస్తే పొద్దునకు' అన్న మాటకు ఇది దగ్గరగానే ఉంది. ఇది స్థూలమైన లెక్కే. పొట్టు ఉందా లేదా, గింజ ఎంత పాతది, నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయి అన్నవాటిని బట్టి సమయం మారుతుంది. పొట్టు మందంగా ఉండే దేశవాళీ నల్ల శనగల కంటే పలుచని పొట్టున్న కాబూలీ శనగల్లోకి నీరు తేలిగ్గా వెళుతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. 100 గ్రాముల శనగలు నానబెట్టి, రెండు గంటలకోసారి వడకట్టి తూచండి. మొదట్లో బరువు వేగంగా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, చివరికి సుమారు 200 గ్రాముల దగ్గర ఆగుతుంది. బరువు పెరగడం ఆగిందంటే గింజ నిండినట్టే. ఆ తర్వాత కూడా నీళ్లలోనే వదిలేస్తే లాభం గింజకు కాదు, సూక్ష్మజీవులకు.

రాజ్మాతో ఈ ప్రయోగం వద్దు

శనగలను పచ్చిగా తింటున్నాం కదా అని ప్రతి గింజనూ అలా తినకూడదు. రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ చాలా ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా కొన్ని గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. రాజ్మాను కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీటిలో బాగా మరిగించి ఉడికించాల్సిందే. సోయా గింజల్లో ప్రొటీన్ జీర్ణానికి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు ఎక్కువ కాబట్టి వాటినీ పచ్చిగా తినరు.

ఇలాంటి పదార్థాలు శనగల్లోనూ ఉన్నాయి, కాకపోతే రాజ్మా, సోయాలతో పోలిస్తే తక్కువ. నానబెట్టినా, మొలకెత్తించినా కొంత తగ్గుతాయి తప్ప పూర్తిగా పోవు. వాటిని నమ్మకంగా నిర్వీర్యం చేసేది వేడి ఒక్కటే. అందుకే పచ్చి శనగలు గుప్పెడు తింటే సరిపోతుంది. కడుపు నిండా తినాలంటే గుగ్గిళ్లే మేలు. 'పచ్చిగా తింటేనే పోషకాలన్నీ దక్కుతాయి' అన్న మాట సగమే నిజం. ఉడికిస్తే విటమిన్ సి వంటివి కొంత పోతాయి, కానీ పిండిపదార్థం, ప్రొటీన్ తేలిగ్గా అరుగుతాయి.

విదేశాల్లో ఉన్న తెలుగువారు డబ్బాలో దొరికే శనగలతో ఐదు నిమిషాల్లో ఈ సలాడ్ చేసుకుంటారు. అవి పచ్చివి కావు. డబ్బా మూసిన తర్వాత అధిక పీడనంలో, నీరు మరిగే ఉష్ణోగ్రత కంటే ఎక్కువ వేడిలో ఉడికినవే. డబ్బాలోని ఉప్పునీరు పారబోసి ఒకసారి కడిగితే ఉప్పు కొంత తగ్గుతుంది.

నానిన నీళ్లు ఎందుకు పారబోయాలి?

శనగలు తింటే కడుపు ఉబ్బుతుందన్నది అనుభవంలో ఉన్న మాటే. కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వీటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అరగకుండానే అవి పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను విడుదల చేస్తుంది. ఈ చక్కెరలు నీటిలో కరుగుతాయి కాబట్టి నానిన నీటిని పారబోస్తే కొంత పోతాయి. మొలకెత్తేటప్పుడు గింజ తన ఎదుగుదలకు వీటినే ఇంధనంగా వాడుకుంటుంది. మొలకలు కొంత తేలిగ్గా అరగడానికి అదొక కారణం.

నిమ్మరసం రుచి కోసమే కాదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఇనుము లోపం. వాయనం ఇచ్చేదీ పుచ్చుకునేదీ మహిళలే కాబట్టి శనగల్లోని ఇనుము ఒంటికి ఎంత పడుతుందన్నది చిన్న విషయం కాదు.

శనగల్లో ఇనుము ఉంది, కానీ గింజలోని ఫైటిక్ ఆమ్లం దాన్ని పట్టి ఉంచుతుంది. మొక్కల ఆహారంలోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పేగు గోడలు దాన్ని సులభంగా గ్రహించలేవు. నిమ్మరసంలోని విటమిన్ సి దాన్ని ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది, కరిగే స్థితిలో ఉంచుతుంది. మొలకెత్తినప్పుడు గింజలోని ఫైటేజ్ ఎంజైమ్ చురుకై ఫైటిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది. కాబట్టి మొలకలు, నిమ్మరసం, టమాటా, క్యాప్సికం ఒకే గిన్నెలో చేరితే ఇనుము గ్రహింపుకు అన్నీ కలిసివస్తాయి.

వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. టీలోని పాలీఫినాల్స్ ఇనుముతో జట్టుకట్టి దాన్ని పేగుకు అందకుండా చేస్తాయి. కాఫీ కూడా ఇనుము గ్రహింపును తగ్గిస్తుంది. సలాడ్‌కూ టీ, కాఫీలకూ మధ్య కనీసం గంట ఎడం ఉంచడం మంచిది.

శనగ ప్రొటీన్‌లో లైసిన్ ఎక్కువ, గంధకం ఉన్న మిథియోనిన్ తక్కువ. నువ్వుల్లో మిథియోనిన్ బాగా ఉంటుంది. చివర్లో చల్లే ఒక చెంచా నువ్వుల పొడి రుచితో పాటు ఆ లోటును కొంత తీరుస్తుంది.

గట్టు మీద మూట

ఇక తెల్లారి వచ్చిన పులిసిన వాసన సంగతి. అనుకూల పరిస్థితుల్లో కొన్ని బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ వేగంతో ఒక్క బ్యాక్టీరియా ఎనిమిది గంటల్లో 24 సార్లు రెట్టింపై 1 కోటి 67 లక్షలు దాటుతుంది. మామూలుగా ఇంత వేగం ఉండదు. కానీ నానిన గింజలో తేమ, ప్రొటీన్, చక్కెర అన్నీ ఉన్నాయి. శ్రావణంలో వంటింటి వేడి కూడా వాటికి అనువైనదే. గాలి ఆడని ప్లాస్టిక్ కవర్లో, నాలుగైదు ఇళ్ల శనగలు కలిసిపోయి ఉంటే ఒక ఇంటి నీళ్లలోని సూక్ష్మజీవులు మొత్తం మూటకు అంటుకుంటాయి.

మొలకల విషయంలో ప్రపంచానికి ఒక చేదు అనుభవం ఉంది. 2011లో జర్మనీ కేంద్రంగా వ్యాపించిన ప్రమాదకరమైన ఇ.కోలై ఇన్‌ఫెక్షన్‌తో 50 మందికి పైగా మరణించారు. దర్యాప్తు చివరికి పచ్చిగా తిన్న మెంతి మొలకల దగ్గరికి చేరింది. గింజ మీద ముందే ఉన్న కొద్దిపాటి బ్యాక్టీరియా మొలకెత్తే రెండు మూడు రోజుల తడి, వెచ్చదనంలో పెరిగిపోతుంది. పైపైన కడిగితే పూర్తిగా పోదు. నిమ్మరసం, ఉప్పు దాన్ని చంపుతాయన్న భరోసా లేదు.

కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు పచ్చి మొలకలు, పచ్చి శనగలు తినకపోవడమే మంచిది. వారికి అవే శనగలు బాగా ఉడికించి, చల్లార్చి, అవే కూరగాయలతో కలిపి పెట్టవచ్చు. కూరగాయలను మాత్రం శుభ్రమైన నీటితో కడిగి, తొక్క తీసి వాడాలి.

చేసే విధానం

నలుగురికి 100 గ్రాముల నల్ల శనగలు సరిపోతాయి. రాళ్లు, పుచ్చులు ఏరి, రెండు మూడుసార్లు కడిగి, మూడింతల తాగునీటిలో ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టాలి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చితే మంచిది. నానాక వడకట్టి, మళ్లీ కడగాలి. మొలకలు కావాలంటే శుభ్రమైన పలుచని గుడ్డలో కట్టి, రోజుకు రెండు మూడుసార్లు కడుగుతూ ఒకటి రెండు రోజులు ఉంచాలి. జిగురు కనిపించినా, పుల్లటి వాసన వచ్చినా రుచి చూడకుండా పారేయాలి.

ఒక కీరదోసకాయ, ఒక క్యారెట్, ఒక గట్టి టమాటా, చిన్న ఉల్లిపాయ బాగా కడిగి సన్నగా తరగాలి. పచ్చిమిర్చి, కొత్తిమీర, దొరికితే పచ్చిమామిడి తురుము చేర్చవచ్చు. శనగలతో కలిపి నువ్వుల పొడి, జీలకర్ర పొడి, మిరియాల పొడి చల్లాలి. నిమ్మరసం, ఉప్పు వడ్డించే ముందే వేయాలి. ముందుగా ఉప్పు వేస్తే ద్రవాభిసరణ వల్ల దోసకాయ కణాల్లోని నీరు బయటికి వచ్చేస్తుంది. ముక్కలు వాలిపోతాయి, గిన్నె అడుగున నీళ్లు చేరతాయి.

కలిపిన సలాడ్‌ను రెండు గంటల్లోపు తినేయాలి. కలపని నానిన శనగలు ఫ్రిజ్‌లో 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఒకటి రెండు రోజులు ఉంటాయి.

మరి పేరంటం మూట? ఇంటికి రాగానే విప్పి, కడిగి, వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. వేర్వేరు ఇళ్లలో, వేర్వేరు నీళ్లలో నానినవి కాబట్టి వాయనం శనగలను గుగ్గిళ్లకే వాడుకుని, పచ్చి సలాడ్‌కు ఇంట్లో నానబెట్టినవి తీసుకోవడం తెలివైన పని. ఇక వాయనం ఇచ్చేవారు శనగలు నిండుగా నానగానే వడకట్టి, పొడిగుడ్డ మీద ఆరనిచ్చి, ప్లాస్టిక్ కవర్‌కు బదులు కాగితపు పొట్లంలో ఇస్తే, పుచ్చుకున్నవారి ఇంట్లో తెల్లారేసరికి పులిసిన వాసన వచ్చే అవకాశం తగ్గుతుంది.