జెంటూ యను పేరు మనకెట్లు వచ్చెను?

1817వ సంవత్సరమునఁ జెన్నపట్టణమందు విలియం బ్రౌను అను దొర మన భాషకు వ్యాకరణము ప్రకటించెను. దానికాతఁ డుంచిన పేరు జెంటూ భాషా వ్యాకరణము. అంతకు ముందటి యేఁడు వెలువడిన క్యాంబెలు వ్యాకరణము తెలుఁగను పేరునే ముందుంచినను, “సామాన్యముగా జెంటూ యనఁబడునది” యని ప్రక్కనే చెప్పవలసివచ్చెను. మన పెద్దలెవ్వరును తమ నుడిని జెంటూ యనుకొన్నవారు కారు. మఱి యీ పేరెక్కడిది?

ఇది బుడతకీచుల, అనఁగా పోర్చుగీసువారి మాట. వారి భాషకు మూలమగు లాటినులో “గెన్స్” అనఁగా వంశము. “గెంటీలిస్” అనఁగా నా వంశమునకుఁ జెందినవాఁడు. క్రైస్తవమత గ్రంథములందీ మాట యన్యమతస్థుఁడను నర్థమునకు దిగెను. పోర్చుగీసులో నది “జెంతియు”. 1498లో వాస్కోడగామా మలబారు తీరము చేరిన పిమ్మట వారిక్కడి మహమ్మదీయులను మూరులనియు, హిందువులనెల్ల జెంతియులనియు వ్యవహరించిరి.

వింత యేమన, ఫ్రెంచివారి నోట నా గెంటీలిస్ శబ్దమే సద్వంశజుఁడను నర్థమును బొంది, ఇంగ్లీషున “జెంటిల్మన్” లోనికిఁ జేరెను. దొరగారి బిరుదమును, మనకుఁ దగిలించిన పేరును తోఁబుట్టువులన్నమాట! ఒక తల్లి బిడ్డలలో నొకతె యందలమెక్కఁగా నొకతె వాకిట నిలిచినట్లున్నది.

రేవులలో బేరసారములు పోర్చుగీసున నడచుచుండుటచే ఆంగ్లేయులా మాటను జెంటూ యని యందుకొనిరి. అలమార, మేస్త్రీ అను మాటలును ఆ భాషనుండియే వచ్చి మన యిండ్లఁ గుదురుకొన్నవి; వానిపై మాకుఁ గోపము లేదు. వంగదేశమున జెంటూ లనఁగా హిందువులందఱును. 1776లో హాల్హెడ్ వెలువరించిన జెంటూ ధర్మశాస్త్రము హిందూధర్మశాస్త్రమే. చెన్నపట్టణమున మాత్రము తమిళులను మలబారులనుట వాడుకయగుటచే, జెంటూ యనునది తెలుఁగువారికే మిగిలెను.

కోడలిని అత్తవారింటఁ బుట్టినూరి పేరుతోఁ బిలుతురు. అది తన యూరి పేరే కావున నామె పలుకును. “మా దేవుని గొలువనిదానా!” యని పిలిచినచో నేమని పలుకఁగలదు?

నార్కట్‌పల్లి వాసులమగు మాకు మా సీమ పేరు తలఁపునకు వచ్చును. 14వ శతాబ్దమున, ఓరుగంటిపై ఢిల్లీసేన దండెత్తిన కథను ఫారసీలో వ్రాసిన అమీరు ఖుస్రో యీ దేశమును తిలంగ్ అనెను. పరభాషలోఁ గొంత వంకరవోయినను అందు మన పేరే వినఁబడుచున్నది. జెంటూకా భాగ్యము లేదు. 1840లో చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర (పైని విలియం బ్రౌను వేఱు) తన పుస్తకమునకుఁ దెలుఁగు వ్యాకరణమనియే పేరిడెను. 1852నాఁటి యాతని నిఘంటువునకును తెలుఁగను పేరే.