ముక్కలు చెప్పండి, ఫలితం చెప్పకండి

హోల్డెమ్ అనే పోకర్ ఆటలో మీ చేతిలో రెండు ఆఠీన్లున్నాయి. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన నాలుగు ముక్కల్లో ఇంకో రెండు ఆఠీన్లున్నాయి. ఐదోది తిరగేయాలి. అదీ ఆఠీనే అయితే ఒకే గుర్తువి ఐదు కలిసి ఆట మీదవుతుంది, కాకపోతే ఎదుటివాడిది. మధ్యలో 100 డాలర్లు పోగయ్యాయి. ఎదుటివాడు మరో 25 వేశాడు. మీరూ వేసి నిలబడతారా, ముక్కలు పారేసి తప్పుకుంటారా?

పేకలో ఆఠీన్లు 13. నాలుగు కనిపిస్తున్నాయి కాబట్టి ఇంకా 9 ఉన్నాయి. మీకు కనిపించని ముక్కలు 46. అంటే మీకు కావలసింది పడే అవకాశం 19.6 శాతం. మీరు 25 వేస్తే మధ్యలో మొత్తం 150 అవుతుంది, అందులో మీరు పెట్టింది ఆరో వంతు, అంటే 16.7 శాతం. అవకాశం అంతకంటే ఎక్కువే కనుక వేయడమే సరి. అతను 25 బదులు 50 వేసి ఉంటే లెక్క మారిపోతుంది. 200లో 50 పెట్టాలంటే పాతిక శాతం అవకాశమైనా ఉండాలి, మీకు లేదు. తప్పుకోవాలి. చివరి ముక్క తర్వాత ఇంకో విడత పందెం ఉంటుంది కానీ, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

ఇదంతా హైస్కూలు లెక్కే. చిక్కు వచ్చేది దీన్ని నలుగురితో చర్చించేటప్పుడు. మీరు 25 వేశారు, ఆఠీన్ పడలేదు. 46లో 37 సార్లు జరిగేది ఇదే. అయినా పక్కవాడు ‘అనవసరంగా వేశావు’ అంటాడు. ఇంకొకాయన 50 వేసి నిలబడ్డాడు, ఆఠీన్ పడింది. ఆయన్ని అందరూ మెచ్చుకుంటారు. ఆయన చేసింది తప్పు, గెలిచాడంతే.

‘ఒక్క ఆటలో తెలియదు సరే, వంద ఆటల్లో తెలిసిపోదా?’ అని అడగొచ్చు. లెక్క వేసి చూద్దాం. 25 వేసి నిలబడే ప్రతిసారీ సగటున 4 డాలర్ల 35 సెంట్లు మిగులుతాయి. వందసార్లు నష్టం లేకుండా బయటపడాలంటే కనీసం 17 సార్లు గెలవాలి. సగటున 19 లేదా 20 గెలుపులు రావాలి కానీ, 16 దగ్గరో అంతకంటే తక్కువలోనో ఆగిపోయే అవకాశం ఐదో వంతుకు పైనే ఉంది. వందకు వందసార్లూ సరైన నిర్ణయమే తీసుకున్న మనిషి కూడా జేబు తడుముకుని తనను తాను అనుమానించుకునే వీలుందన్నమాట. చేతికొచ్చిన సొమ్మును చూసి ఆటగాడికి మార్కులు వేయడం ఎందుకు కుదరదో ఇది చెబుతుంది.

ఈ పొరపాటు పేకాటకే పరిమితం కాదు. జొనాథన్ బారన్, జాన్ హర్షీ అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన ప్రయోగాల్లో వైద్యుల నిర్ణయాలను కొందరి ముందు పెట్టి, వాటి మంచిచెడ్డలు తూచమన్నారు. నిర్ణయం అదే, దాని వెనక సమాచారమూ అదే. రోగి బతికాడని చెబితే మంచి నిర్ణయమన్నారు, పోయాడని చెబితే తక్కువ మార్కులు వేశారు. అందుకే ఆట తెలిసినవాళ్లు తమ ఆటను చర్చకు పెట్టేటప్పుడు చేతి ముక్కలు, కూర్చున్న స్థానం, ఎవరెంత వేశారు అన్నవన్నీ చెప్పి, చివర ఏం జరిగిందో మాత్రం దాచిపెడతారు. నా దృష్టిలో ఇది ఎన్నో శాఖల సమీక్షా సమావేశాల కంటే శాస్త్రీయమైన పద్ధతి.

గెలుపు నేర్పుదా అదృష్టానిదా అన్న వాదన మన దగ్గర కోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవాళ్ల మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టుకు చేరింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవడానికి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడానికి నేర్పు కావాలని 1967లో కోర్టు తీర్పిచ్చింది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను మాత్రం, నేర్పైనా అదృష్టమైనా తేడా చూడకుండా, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది.

నేర్పు సరే, దాని కోసం పాత ఆటలను తిరగేసి నేర్చుకోవడం ఎంతవరకు పనికొస్తుంది? దీన్ని యంత్రంతో పరీక్షించినవాళ్లు న్యూజిలాండ్‌లో ఉన్నారు.  ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ వాట్సన్, జొనాథన్ రూబిన్ ‘కాస్పర్’ అనే పోకర్ ప్రోగ్రామును తయారుచేసి 2007లో దాని సంగతులు ప్రచురించారు. పాత తీర్పులు వెతికి వాదించే వకీలులా, తన ముందున్న పరిస్థితిని పోలిన పాత ఆటలను కాస్పర్ తన జ్ఞాపకంలోంచి తీస్తుంది. అప్పుడు ఎన్నిసార్లు తప్పుకున్నారు, ఎన్నిసార్లు నిలబడ్డారు, ఎన్నిసార్లు పెంచారు అని చూసుకుని, ఆ పాళ్లలోనే తన ఎత్తు వేస్తుంది. ఆ పాత ఆటలు కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయపు ప్రోగ్రాములు ఆడినవి.

కాస్పర్ తనకు నేర్పిన ఆ ప్రోగ్రాములతో సమానంగా నిలబడింది. ఉత్తుత్తి డబ్బుతో ఆన్‌లైన్‌లో ఆడే మనుషుల మీద లాభం కూడా తీసింది. అసలు డబ్బు పెట్టిన బల్లల దగ్గర మాత్రం లాభం రాలేదు. నాకు తోచిన కారణం ఇది: సొంత డబ్బు పెట్టినవాడి ఆట తీరు వేరు, కాస్పర్ జ్ఞాపకంలో అలాంటివాళ్లు లేరు. చర్చల్లో నేర్చుకునే ఆటగాడికీ ఇదే ఇబ్బంది. సలహా ఎవరి ఆటలోంచి పుట్టిందో తెలియకపోతే అది తన బల్ల దగ్గర చెల్లుతుందో లేదో తెలియదు.

ఆల్బర్టావాళ్లు 2007లోనే మరో దారి పట్టారు. వాళ్ల ప్రోగ్రాముకు పాత ఆటలతో పనిలేదు, తనతో తానే ఆడుకుంటుంది. ప్రతి నిర్ణయం దగ్గరా ఆగి, ‘ఇక్కడ పెంచి ఉంటే ఎంత ఎక్కువ వచ్చేది, తప్పుకుని ఉంటే ఎంత మిగిలేది’ అని పద్దు రాసుకుంటుంది. ఏ ఎత్తు వేయనందుకు ఎక్కువ నష్టపోయిందో దాన్ని తర్వాతి ఆటల్లో ఎక్కువగా వేస్తుంది. ఈ పద్దులో ఉండేది పడిన ఒక్క ముక్క లెక్క కాదు, ఎదుటివాడి దగ్గర ఉండగల ముక్కలన్నిటి మీదా తీసిన సగటు. ఫలితాన్ని దాచే ఆటగాళ్లు చేయాలనుకునేదాన్నే ఇది కోటానుకోట్ల ఆటల్లో చేస్తుంది.

ఆ దారిలోనే ‘సెఫియస్’ పుట్టింది. ఇద్దరే ఆడే, పందేనికి పరిమితి ఉన్న హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా ఛేదించామని 2015 జనవరిలో ఆల్బర్టా బృందం ప్రకటించింది. అందుకు 4,800 ప్రాసెసర్లు 68 రోజులు పనిచేశాయి. ఆటగాళ్లు చాలాకాలంగా వాదించుకునే ఒకటి రెండు విషయాలు దాంతో తేలాయి. ఈ ఆటలో పంచే స్థానంలో ఉన్నవాడికే మొగ్గు ఉంటుంది. ఆ స్థానంలో మొదటి ఎత్తుగా ఎదుటివాడి పందేనికి సరిపెట్టి ఊరుకోవడం సెఫియస్ దాదాపు ఎప్పుడూ చేయదు. పెంచుతుంది, లేదంటే ముక్కలు పారేస్తుంది.