స్వరాలు ఆగాయి, మౌనం మిగిలింది

“లేని స్వరాలు వినిపించడం ఆగింది. అయినా వాడు స్నానం చేయడు, పలకడు, నమాజుకు లేవడు. మందులు మానిపించమంటారా?” అని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఇలాంటి ఒక విద్యార్థిని మేమే సోమరి అని మందలించాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

స్కిజోఫ్రీనియాలో భ్రమలు, అనుమానాలు ఒక పార్శ్వం. మాట, ఆసక్తి, ఉద్వేగం సన్నగిల్లడం మరొకటి. సాధారణంగా ఇచ్చే మందులు మొదటిదాన్ని అణచినంతగా రెండవదాన్ని అణచలేవు. 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడిన 26 వారాల పరిశోధనలో, ఈ రెండవ లక్షణాలకు రిస్పెరిడోన్ కంటే కారిప్రజీన్ మెరుగని తేలింది. అదీ కొంతవరకే.

అయితే ఈ స్తబ్ధత కుంగుబాటు వల్లనూ, మందు మోతాదు ఎక్కువైనందువల్లనూ రావచ్చు. తేల్చవలసింది మానసిక వైద్యుడు; తాయెత్తు కట్టేవారు కాదు, మేమూ కాదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మందు హఠాత్తుగా మానితే ఆ స్వరాలు మళ్లీ రావచ్చు. దూరం వెళ్లలేనివారికి టెలీ మానస్ 14416 ఉచితం.

ఆ విద్యార్థికి వైద్యుడు మోతాదు తగ్గించారు. ఇప్పుడు అసర్‌కు ముందు మాతో కలిసి వుజూ చేస్తాడు, చాపలు పరుస్తాడు. మాట మాత్రం ఇంకా తక్కువే.