ఉగ్రవాద సంస్థల పట్టిక : ప్రభుత్వాల నిర్ణయం

ఫలానా సంస్థను ప్రభుత్వం ఉగ్రవాద సంస్థగా ప్రకటించినదన్న వార్తను మన విద్యార్థులు పత్రికలలో తరచు చదువుతూనే ఉంటారు. ఆ ప్రకటన ఎవరు చేస్తారు, దేని ఆధారంతో చేస్తారు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినవస్తుంది. న్యాయస్థానం విచారించి తీర్పు చెప్పిన పిమ్మటనే ఆ పేరు వస్తుందని చాలమంది తలపు. వాస్తవం అది కాదు. అనేక దేశాలలో ముందుగా నిర్ణయించేది ప్రభుత్వమే. న్యాయమూర్తి ప్రమేయం తరువాతి మాట.

అసలు ఉగ్రవాదమంటే ఏమిటో ఐక్యరాజ్యసమితిలోనే ఏకాభిప్రాయం కుదరలేదు. సమగ్రమైన ఒడంబడిక కొరకు 1996లో ఆరంభమైన ప్రయత్నానికి, పరాయి ఆక్రమణపై ఆయుధం పట్టినవారిని ఏమనవలెనన్న ప్రశ్నయే పెద్ద అడ్డంకి అయినది. మన తెలుగు పత్రికలు సైతం ఒకచోట ‘తీవ్రవాది’ అనీ, వేరొకచోట ‘ఉగ్రవాది’ అనీ వ్రాస్తాయి. ఆ రెంటి నడుమ గీత ఎక్కడ ఉన్నదో వ్రాసినవారికైనా తెలుసునా అన్నది నా సందేహం.

మన దేశంలో 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం ఇందుకు ఆధారం. అందులో పాత మార్గం ఇది: కేంద్రం ఒక సంఘాన్ని చట్టవిరుద్ధమని గెజెట్‌లో ప్రకటిస్తే, 30 దినాలలో ఆ విషయాన్ని హైకోర్టు న్యాయమూర్తితో కూడిన ట్రిబ్యునల్‌కు నివేదించాలి, ట్రిబ్యునల్ ఆరు మాసాలలో తేల్చాలి. 2004 సవరణతో వచ్చిన మార్గం వేరు. సంస్థకు ఉగ్రవాదంతో ప్రమేయమున్నదని కేంద్రం విశ్వసిస్తే చాలు, దాని పేరు చట్టం అనుబంధంలో చేరుతుంది. ట్రిబ్యునల్ లేదు, గడువు లేదు. పేరు తొలగించుమని కోరేవారు, చేర్చిన కేంద్రానికే అర్జీ పెట్టుకోవాలి. అది త్రోసివేస్తేనే సమీక్షా సంఘం గడప తొక్కాలి. 2019 సవరణతో వ్యక్తుల పేర్లు కూడా పట్టికకెక్కుతున్నవి. నిషిద్ధ సంస్థలో కేవలం సభ్యత్వమే నేరమని 2023 మార్చిలో సుప్రీంకోర్టు, తన 2011 నాటి అభిప్రాయాన్ని త్రోసిరాజని, తీర్పునిచ్చింది. కనుక ఎవరిపైనా చెయ్యెత్తని సభ్యునికి కూడా ఈ పట్టిక కారాగారం చూపగలదు.

మరి ప్రభుత్వాలు ఎప్పుడు నిర్ణయిస్తాయి? శ్రీలంకలోని ఎల్.టి.టి.ఇ. చరిత్ర చూడవచ్చు. 1985లో అనూరాధపురంలో ఆ సంస్థవారు నూటికి పైగా పౌరులను చంపారు. ఆనాడు మన ప్రభుత్వం దానిని నిషేధించలేదు. పైగా తమిళ సాయుధ వర్గాలకు ఇక్కడనే శిక్షణ లభించిన కాలమది. 1987లో మన సైన్యం శాంతిసేనగా వెళ్లి, ఆ సంస్థతోనే యుద్ధం చేయవలసి వచ్చింది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. నిషేధం వచ్చినది 1992 మేలో.

అమెరికా 1997లో వెలువరించిన తొలి పట్టికలోనే ఎల్.టి.టి.ఇ. పేరున్నది. ఆ దేశపు చట్టం మూడు షరతులు విధిస్తుంది: సంస్థ విదేశీయమై ఉండాలి, ఉగ్రవాద చర్యలు సాగిస్తుండాలి, వాటివలన అమెరికా పౌరులకో, దేశ భద్రతకో ముప్పు ఉండాలి. ఆ సంస్థ న్యాయస్థానానికి వెళ్లగా, మూడవ షరతు విదేశాంగ విధానానికి చెందినది, దానిని మేము పరిశీలింపజాలమని 1999లో న్యాయమూర్తులు చెప్పారు. కీలకమైన షరతు కాస్తా ఆ విధంగా పరిశీలనకు అందకుండా పోయినది.

శ్రీలంక నడచిన త్రోవ మరింత విచిత్రం. క్యాండీ దంతమందిరంపై బాంబు దాడి జరిగిన పిమ్మట 1998 జనవరిలో నిషేధం. సంధి చర్చల కొరకు 2002 సెప్టెంబరులో దాని తొలగింపు. యుద్ధం తుది దశలో, 2009 జనవరిలో మరల నిషేధం. దీనిని కపటమని కొట్టివేయరాదు. నిషిద్ధులతో ఒక బల్లవద్ద కూర్చొనుట ఎట్లు? అయితే బేరానికి పనికివచ్చే సాధనాన్ని న్యాయనిర్ణయమని పిలువగలమా?

మన రాష్ట్రమూ ఈ దారినే నడచింది. పీపుల్స్‌వార్‌పై నిషేధాన్ని చర్చల నిమిత్తం 2004 జూలైలో ముగిసిపోనిచ్చారు. అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి. మరుసటి ఏడు ఆగస్టు 15న శాసనసభ్యుడు నర్సిరెడ్డి హత్య జరిగిన వెంటనే మావోయిస్టు పార్టీపైననే గాక, అనుబంధ సంస్థలుగా ఎంచిన కొన్నిటిపైన కూడా నిషేధం విధించారు. ఆ జాబితాలో విప్లవ రచయితల సంఘం ఉన్నది. రాష్ట్ర ప్రజాభద్రతా చట్టం క్రింద సలహా మండలి ఒకటి ఉంటుంది. రచయితల సంఘాన్ని నిషేధించుటకు తగిన కారణాలు లేవని ఆ మండలి తేల్చగా, నవంబరులో ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఉపసంహరించుకున్నది.