రైలు రద్దయితే టికెట్టు పారేయకండి

అది 2024 సెప్టెంబరు 1. ఆదివారం. విజయవాడలో బుడమేరు పొంగింది. ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. తెలంగాణలో కేసముద్రం దగ్గర వరదకు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. విజయవాడ మీదుగా వెళ్లే రైళ్లు ఎన్నో ఆగిపోయాయి.

ఆ కబురు విశాఖపట్నం స్టేషనుకు వచ్చింది. మూటా ముల్లే సర్దుకుని వచ్చిన జనం ఎక్కడి వాళ్లు అక్కడే కూలబడ్డారు. వాళ్లలో ఒక అత్తా కోడలూ ఉన్నారనుకుందాం. వాళ్లది మల్కాపురం. అత్త చేపలు అమ్ముతుంది. కోడలు రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. ఆడబిడ్డకు ఏడో నెల. ఆమెను పురిటికి పుట్టింటికి తీసుకురావాలని విజయవాడ బయలుదేరారు. కౌంటరులో రాను పోను టికెట్లు కొన్నారు. అది గంప మోసి కూడబెట్టిన డబ్బు.

మైకులో రైలు రద్దని చెప్పారు.

"పోయింది అమ్మాయ్! డబ్బులు గంగలో కలిసిపోయాయి. ఇంక ఈ చీటీ ఎందుకు?" అంది అత్త. టికెట్టు చింపబోయింది.

కోడలు చేయి పట్టుకుంది. "ఆగత్తా, చింపకు. ఇందులో ఏటి రాసి ఉందో ముందు చూద్దాం" అంది.

కోడలు మంచి పని చేసింది. ఎందుకంటే రైలు రద్దయితే టికెట్టు డబ్బు మొత్తం తిరిగి వస్తుంది. కాని కౌంటరులో కొన్న టికెట్టు అయితే డబ్బు దానంతట అది నడిచి రాదు. టికెట్టు తిరిగి ఇవ్వాలి. గడువులోగా అడగాలి.

రైళ్లు ఎందుకు ఆగుతాయి?

విశాఖ సముద్రం ఒడ్డున ఉంది. తుపానులు మనకు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. చెట్లు కూలాయి. కరెంటు స్తంభాలు ఒరిగాయి. రైళ్లు ఆగిపోయాయి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు పాసింజరు రైళ్లు ఢీకొన్నాయి. ఎందరో చనిపోయారు. అప్పుడూ చాలా రైళ్లు రద్దయ్యాయి. 2020లో కరోనా వచ్చి దేశమంతా ప్రయాణికుల రైళ్లు ఆగాయి.

వీటిలో ఏదీ ప్రయాణికురాలి తప్పు కాదు. ఆమె డబ్బు కట్టింది. ప్రయాణం జరగలేదు. కాబట్టి ఆ డబ్బు ఆమెదే. అడగడానికి సిగ్గు పడనక్కరలేదు. అది బిచ్చం కాదు, హక్కు.

టికెట్టు చదవడం ఎలా?

టికెట్టు మీద హిందీ, ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువ. వాటిని చూసి భయపడకండి. ముఖ్యమైనవన్నీ అంకెల్లోనే ఉంటాయి. అంకెలు వస్తే చాలు.

పది అంకెల నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని పీఎన్ఆర్ అంటారు. టికెట్టుకు అదే పేరు లాంటిది. దాన్ని చెబితే ఆ టికెట్టు వివరాలన్నీ తెలుస్తాయి. ఐదు అంకెల నంబరు ఉంటుంది. అది రైలు నంబరు. తరవాత ప్రయాణం తేదీ, బయలుదేరే టైము, కట్టిన డబ్బు ఉంటాయి.

టైము దగ్గర జాగ్రత్త. రైల్వే గడియారానికి ఇరవై నాలుగు గంటలు. 16:30 అని ఉంటే అందులోంచి 12 తీసేయాలి. సాయంత్రం నాలుగున్నర అన్నమాట. రాత్రి పన్నెండు దాటితే తేదీ మారుతుంది. 13వ తేదీ 00:20 అని ఉంటే 12వ తేదీ రాత్రే స్టేషనుకు వెళ్లాలి. 13వ తేదీ రాత్రి వెళ్తే రైలు ఉండదు. ఈ లెక్క తెలియక రైలు తప్పిపోయిన వాళ్లు ఉన్నారు.

టికెట్టు కొన్న రోజే పీఎన్ఆర్ నంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

రైలు రద్దయితే

కౌంటరు టికెట్టు అయితే దాన్ని రిజర్వేషన్ కౌంటరులో ఇవ్వాలి. రైలు బయలుదేరాల్సిన టైము నుంచి మూడు రోజుల్లోగా ఇవ్వాలి. డబ్బు మొత్తం ఇస్తారు. కోత ఉండదు. మూడో రోజు దాకా ఆగకండి. ఆ రోజు వాన రావచ్చు, బస్సు దొరకకపోవచ్చు.

పెద్ద కష్టం వచ్చినప్పుడు రైల్వే ఈ గడువు పెంచవచ్చు. 2020లో కరోనాకు ఆగిన రైళ్ల టికెట్లకు గడువును తొమ్మిది నెలల దాకా పెంచారు. అందుకే గడువు దాటిందనుకున్నా ఒకసారి అడిగి చూడండి.

జనరల్ టికెట్టు కొన్న వాళ్లు ఆలస్యం చేయకూడదు. వెంటనే, కొన్న స్టేషనులోనే అడగాలి.

మరి తిరుగు టికెట్టు? అత్తాకోడళ్లకు ఇక్కడొక చిక్కు వచ్చింది. వెళ్లే రైలు రద్దయింది. తిరిగి వచ్చే రైలు రద్దు కాలేదు. అది వేరే టికెట్టు. వద్దనుకుంటే దాన్ని మామూలుగా రద్దు చేసుకోవాలి. కొంత కోత పడుతుంది. ఎంత ముందుగా వెళితే కోత అంత తగ్గుతుంది. కాబట్టి రెండు టికెట్లూ పట్టుకుని ఒకేసారి కౌంటరుకు వెళ్లడం మేలు.

రైలు ఆలస్యమైతే

మీరు ఎక్కే స్టేషనులో రైలు మూడు గంటల కన్నా ఎక్కువ ఆలస్యమైతే ప్రయాణం మానుకోవచ్చు. డబ్బు మొత్తం వస్తుంది. ఉదాహరణకు రైలు సాయంత్రం నాలుగున్నరకు రావాలి. రాత్రి ఎనిమిది దాటితే గాని రాదని చెప్పారు. అప్పుడు టికెట్టు తిరిగి ఇచ్చేయవచ్చు.

కాని ఒక షరతు ఉంది. ఆ రైలు మీ స్టేషను నుంచి కదలక ముందే టికెట్టు ఇవ్వాలి. రైలు వెళ్లిపోయాక అడిగితే లాభం లేదు.

రైలు దారి మారితే

ఇది విశాఖ వాళ్లు బాగా గుర్తు పెట్టుకోవాలి. కొత్తవలస వైపు నుంచి వచ్చే రైలు విశాఖ స్టేషనుకు రాకుండానే దువ్వాడ వెళ్లడానికి దారి ఉంది. పట్టాల పనులున్నప్పుడు, రద్దీగా ఉన్నప్పుడు కొన్ని రైళ్లను అలా పంపుతారు. అప్పుడు విశాఖలో ఎక్కాల్సిన వాళ్లకు రైలు దొరకదు.

మీరు ఎక్కాల్సిన స్టేషనుకు గాని, దిగాల్సిన స్టేషనుకు గాని రైలు రాకపోతే డబ్బు మొత్తం అడగవచ్చు. దువ్వాడ వెళ్లి ఎక్కగలిగితే ఎక్కవచ్చు. అది మీ ఇష్టం. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లకు దువ్వాడ దగ్గరే. భీమిలి నుంచి పిల్లలతో వచ్చిన తల్లికి అది దూరాభారం.

రైలు మధ్యలో ఆగితే

2016 జనవరి 31న తుని దగ్గర ఆందోళనలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టారు. ప్రయాణికులు మధ్యలోనే దిగిపోవాల్సి వచ్చింది.

ఇలా జరిగితే ముందు రైల్వే వాళ్లు ఏ ఏర్పాటు చేస్తున్నారో కనుక్కోవాలి. ఇంకో రైలో, బస్సో పెట్టి మిమ్మల్ని ఊరు చేరిస్తే డబ్బు తిరిగి రాదు. ఏర్పాటు చేసినా మీరు వెళ్లనంటే, ప్రయాణం చేసినంత దూరానికి డబ్బు పట్టుకుని మిగతాది ఇస్తారు. రైల్వే మిమ్మల్ని ఊరు చేర్చలేకపోతే మొత్తం డబ్బు వస్తుంది. వచ్చినంత దూరానికి కూడా పట్టుకోరు. ఆగిన స్టేషనులోనే స్టేషను మాస్టరును కలిసి టికెట్టు చూపించండి. కంగారులో బయటికి వెళ్లిపోకండి.

నెట్‌లో తీసిన టికెట్టు అయితే

రైలు పూర్తిగా రద్దయితే నెట్ టికెట్టుకు కౌంటరుకు వెళ్లనక్కరలేదు. డబ్బు ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే వెళుతుంది. ఏజెంటు తీసిన టికెట్టు అయితే ఆ డబ్బు ఏజెంటుకు చేరుతుంది. ఆయన దగ్గర అడిగి తీసుకోవాలి. నెట్ రుసుము మాత్రం తిరిగి రాదు. టికెట్టు తీయించేటప్పుడు మీ ఫోన్ నంబరే ఇవ్వండి. రైలు రద్దయిన కబురు మీకే వస్తుంది.

రైలు ఆలస్యమైనా, దారి మారినా నెట్‌లోనే అర్జీ పెట్టాలి. దాన్ని టీడీఆర్ అంటారు. ఆలస్యమైతే రైలు కదలక ముందే పెట్టాలి. దారి మారితే మూడు రోజుల్లోగా పెట్టాలి. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత పెట్టించండి.

ఒక హెచ్చరిక. "రైలు డబ్బు తిరిగి ఇస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. ఓటీపీ గాని, ఏటీఎం పిన్ నంబరు గాని ఎవరికీ చెప్పకూడదు.

డబ్బు ఇవ్వకపోతే

కౌంటరు మూసి ఉందనో, ఇంకో కారణం చెప్పో డబ్బు ఇవ్వకపోతే ఊరికే వెనక్కి రాకండి. టికెట్టు తీసుకుని రసీదు ఇమ్మని స్టేషను మాస్టరును అడగండి. ఆ రసీదునూ టీడీఆర్ అనే అంటారు. రసీదు లేకుండా టికెట్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. ఆ రసీదుతో రైల్వే ఆఫీసుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఫిర్యాదు చెప్పాలంటే 139 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రైలు సంగతి కనుక్కోవడానికీ అదే నంబరు.

అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జమ్మూ వెళ్లిన రైలు నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబానికి విమానం తప్పిపోయింది. ఆలస్యానికి సరైన కారణం రైల్వే చూపలేకపోయింది. ఆ కుటుంబానికి పరిహారం కట్టాల్సిందేనని కోర్టు చెప్పింది. తుపాను, వరద లాంటివి వేరు. అవి ఎవరి చేతిలోనూ లేవు. అప్పుడు టికెట్టు డబ్బు వస్తుంది గాని, పైన నష్టపరిహారం రావడం కష్టం.

మళ్లీ స్టేషనుకు వద్దాం. కోడలు టికెట్టు మీద నంబరు చదివింది. బోర్డు మీద రద్దయిన రైలు నంబరుతో పోల్చి చూసింది. రెండూ ఒకటే. అత్తను వరుసలో నిలబెట్టింది. కౌంటరులో డబ్బు చేతికి వచ్చింది.

అత్త డబ్బు లెక్క పెట్టుకుంది. కొంగున ముడి వేసుకుంది. "ఇంకో చీటీ చేతికొస్తే చింపను అమ్మాయ్. ముందు నాకూ ఆ అంకెలు చదవడం చెప్పు" అంది.

ఆలోచించి చెప్పండి

1. కౌంటరు టికెట్టు ఉంది. రైలు రద్దయింది. ఎన్ని రోజుల్లోగా టికెట్టు ఇవ్వాలి?
2. రైలు నాలుగు గంటలు ఆలస్యం. ప్రయాణం వద్దనుకుంటే టికెట్టు ఎప్పుడు ఇవ్వాలి?
3. టికెట్టు మీద 21:15 అని ఉంది. మన లెక్కలో ఎన్ని గంటలు?
4. మీ ఇంట్లో పాత రైలు టికెట్టు ఉంటే తీయండి. పీఎన్ఆర్ నంబరు ఎక్కడుందో వెతకండి. పక్కింటి ఆమెకు కూడా చూపించండి.