మందు కొట్టే ఇంజన్ మొండికేస్తే... ముందు ప్లగ్గు విప్పండి

పలమనేరు: టమాటా తోటకు తెగులు తగిలిన రోజే మందు కొట్టే ఇంజన్ స్టార్టు కాకపోతే రైతుకు చెయ్యి విరిచినట్లే. మెకానిక్ వచ్చేదాకా తెగులు ఆగదు. అయితే లోపం చాలాసార్లు స్పార్కు దగ్గరే ఉంటుంది. దాన్ని పొలం గట్టునే కనిపెట్టవచ్చు.

ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీ ఉండదు. తాడు లాగితే ఫ్లైవీలులోని అయస్కాంతం తిరిగి కాయిల్‌లో కరెంటు పుట్టిస్తుంది. దీన్నే మాగ్నెటో అంటారు. జర్మనీలో బాష్ సంస్థ 1902లో రూపొందించిన హైటెన్షన్ మాగ్నెటోదీ ఇదే సూత్రం.

స్పార్కు ఉందా?

పెట్రోలు, స్విచ్ చూసుకున్నాక ప్లగ్గు విప్పాలి. నల్లగా, తడిగా ఉంటే తుడిచి ఆరబెట్టాలి. మొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లగ్గును క్యాప్‌లో పెట్టి, దాని రంధ్రానికి దూరంగా, రంగు లేని చోట ఇంజన్ బాడీకి ఆనించి తాడు లాగాలి. వట్టి చేత్తో పట్టుకోరాదు. పెట్రోలు కారిన చోట ఈ పరీక్ష చేస్తే మంట అంటుకుంటుంది.

టప్పున నీలి స్పార్కు వస్తే లోపం పెట్రోలు వైపు వెతకాలి. స్పార్కు బాగున్నా ఇంజన్ తాడును వెనక్కి గుంజుతుంటే ఫ్లైవీలు కీ తెగిందేమో చూడాలి. స్పార్కు లేకపోతే కొత్త ప్లగ్గు పెట్టి చూడాలి. అప్పటికీ రాకపోతే స్టాప్ స్విచ్ వైరు విడదీసి చూడాలి. ఆ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే స్పార్కు రాదు.

పాత ఇంజన్ అయితే

ఫ్లైవీలు కింద సీబీ పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి. మసిబారిన పాయింట్లను సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, శుభ్రమైన కాగితంతో తుడవాలి. సందు చాలా ఇంజన్లకు 0.35 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంజన్ పుస్తకంలోని అంకె ప్రకారం ఫీలర్ గేజితో సరిచేయాలి. పాయింట్లు పదేపదే కాలిపోతుంటే కండెన్సర్ మార్చాలి.

మాడ్యూలు వేయిస్తే

పాయింట్లు, కండెన్సర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూలు వేయించుకోవచ్చు. పాయింట్లు రుద్దే పని, సందు సరిచేసే పని ఇక ఉండవు. పాత పాయింట్ల వైరు తప్పక విడదీయాలి. స్టాప్ స్విచ్ వైరు మాత్రం ఉంచాలి. కాయిల్ కాలినా, అయస్కాంతం బలం తగ్గినా మాడ్యూలుకు పెట్టిన డబ్బు వృథాయే. ముందు అవి చూపించుకోవాలి.

ఇప్పటి స్ప్రేయర్లలో పాయింట్లే ఉండవు. వాటికి కాయిల్, ఫ్లైవీలు మధ్య తుప్పును, సుమారు 0.3 మిల్లీమీటర్ల సందును చూశాకే కాయిల్ మార్చాలి.

సంచిలో ఒక కొత్త ప్లగ్గు, ప్లగ్గు స్పానరు ఉంచుకుంటే చాలాసార్లు ఇంజన్‌ను బండెక్కించి షాపుకు తీసుకెళ్లే పని తప్పుతుంది.