నోటు మీద మూడేళ్ళు ఆగనక్కరలేదు

మాచవరం: మిరప, పత్తి పెట్టుబడులకు ప్రోనోటు మీద అప్పు తెచ్చుకోవడం పల్నాడు పల్లెల్లో మామూలే. మూడేళ్ళు నిండేదాకా అప్పిచ్చినవారు కోర్టుకు వెళ్ళలేరని చాలామంది ధీమాగా వుంటారు. ఇది పొరపాటు.

'కోరినప్పుడు చెల్లించగలను' అని రాసిన నోటుపై మరునాడే దావా వేయవచ్చు. మూడేళ్ళన్నది దావాకు ఆఖరు గడువు మాత్రమే. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం అది నోటు తేదీ నుంచే మొదలవుతుంది. బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీకి కూడా మూడేళ్ళే. కట్టవలసిన తేదీ దాటిన దగ్గర నుంచి లెక్క.

గడువులోగా కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. గడువు దాటిన బాకీకి కొత్త నోటు రాసిచ్చినా అది చెల్లుతుంది. కనుక కాగితం చదివించుకుని, తేదీ చూసుకుని మరీ సంతకం చేయాలి.

అసలు ముప్పు సమనును చూరులో దోపి మరిచిపోవడంలో వుంది. సమను అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ కావచ్చు. ఆ డిక్రీతో 12 ఏళ్ళలోగా ఎప్పుడైనా ఆస్తి జప్తుకు రావచ్చు. కట్టిన సొమ్ముకు చెల్లు వున్నా, కోర్టులో చూపించకపోతే ప్రయోజనం లేదు.

వకీలు ఫీజుకు వెరవనక్కరలేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీకి కూడా వీలున్నది.